చివరి వరుసకు పాట చేరు విధము

లక్షలకొలది జనులు గుమికూడిన ఆరుబయలు సంగీతోత్సవముల ఛాయాచిత్రములను చూచినవారు, సంగీతమునం దభిరుచి యున్నవారైనను లేనివారైనను, ఒకే ప్రశ్న నడుగుచుందురు: గాయకుని ముఖము మాట యటుండ, ఆకారమునైనను పోల్చుకొనజాలనంత దూరమున నిలిచియున్నవానికి ఆ పాట నిజముగా వినవచ్చునా? వినవచ్చునేని, వేదికకు చేరువ నున్నవాని చెవులు చిల్లులు పడకుండ, అల్లంత దూరమున నున్నవానికి చాలినంత ధ్వనిని చేర్చు ఉపాయ మేది? ప్రశ్న చిన్నదే; కాని రాక్ సంగీత మనబడు పాశ్చాత్య గానరీతి నాట్యశాలలను విడిచి క్రీడాప్రాంగణములకును, పచ్చికబయళ్ళకును వచ్చిన 1960ల నాటినుండి నేటివరకు ఎందరో ధ్వనినిపుణులు దీనికి సమాధానము వెదకుటయందే తమ ఆయుస్సును వెచ్చించిరి.

గాయకుల పేర్లు లోకమున మారుమ్రోగినవి. ఈ నిపుణుల పేర్లు ఎరిగినవారు అరుదు. ఈ అధ్యాయమున వారి కృషినే ప్రధానముగా చెప్పదలచితిని. చిట్టచివర నిలిచిన శ్రోతకు మొదటి వరుసవానితో సమానముగా వినిపింపవలెనను పట్టుదలయే బహిరంగ సంగీతోత్సవమునకు ప్రాణమని నా విశ్వాసము. ఆ పట్టుదల లేనిచోట లక్షమంది కూడినను కచేరి జరిగినది ముందున్న వేయిమందికి మాత్రమే.

దూరము ధ్వని నేమి చేయును?

ధ్వని యనగా గాలియందలి ఒత్తిడి హెచ్చుతగ్గులు అలలై సాగిపోవుట. అడ్డంకులు లేని బయలునందు ఒక తావునుండి వెలువడిన ధ్వని అన్ని దిక్కులకును వ్యాపించుచు, అంతకంతకు పెద్దదగు గోళముపైన తన శక్తిని పరచుకొనుచు పోవును. దూరము రెండింతలైనచో ఆ గోళతలము నాలుగింతలగును. కావున ఒక్కొక్క చెవికి దక్కు శక్తి నాలుగవ వంతునకు దిగజారును. నాలుగింతలైనచో పదునారవ వంతు. ఎనిమిదింతలైనచో అరువదినాలుగవ వంతు.

చెరువు తూమెత్తి, కాలువలు త్రవ్వని బయలుమీదికి నీరు వదలినచో ఏమగునో పల్లెపట్టులవా రెరుగుదురు. తూము క్రింది మడి మునిగి పైరు కుళ్ళును. నాలుగు మళ్ళు దాటునప్పటికి నీరు పలుచనై, శివారు మడికి తడి సయితము చేరదు. శివారు రైతు మొర విని తూము నింకను పైకెత్తినచో అతనికి కలుగు మేలు కొంచెమే, మొదటి మడివానికి కలుగు కీడు మాత్రము ఎంతో. ఆరుబయట పాడువాని సంకటము సరిగా నిట్టిదే. వెనుకనున్నవారికి వినబడుటలేదని యంత్రముల గొంతు పెంచిన కొలది ముందున్నవారి చెవులే మునుగును. కాలువలు త్రవ్వి గట్లు వేయుటయు, ఆయకట్టు నడుమ మరల నీటి నందిచ్చు ఏర్పాటు చేయుటయు రైతునకు తెలిసిన మార్గములు. ధ్వనినిపుణులు కనుగొన్న మార్గములు కూడ తుదకు ఈ రెండే యని ముందు తెలియగలదు.

ధ్వని తీవ్రతను కొలుచుటకు డెసిబెల్ అను మానము వాడుకలో నున్నది. టెలిఫోనును కనిపెట్టిన గ్రహాంబెల్ పేరే ఈ మాటలో దాగియున్నది. తూకపురాళ్ళవలె దీనిని కూడికలతో లెక్కించిన పొరపడుదుము. 3 డెసిబెళ్ళు పెరిగినచో ధ్వనిశక్తి రెట్టింపగును, 10 పెరిగినచో పదిరెట్లు, 20 పెరిగినచో నూరురెట్లు, 30 పెరిగినచో వేయిరెట్లు. చెవికి మాత్రము 10 డెసిబెళ్ళు పెరిగినప్పుడు మ్రోత సుమారు రెండింతలైనట్లు తోచును. ఈ మానమున చెప్పవలెనన్న, ఆరుబయట దూరము రెండింతలైన ప్రతిసారియు 6 డెసిబెళ్ళు తగ్గును. స్పీకరునకు 10 మీటర్ల దూరమున నున్నవానికంటె 320 మీటర్ల దూరమున నున్నవానికి, అయిదు మారులు రెట్టింపైన దూరమునుబట్టి, 30 డెసిబెళ్ళు తక్కువగా వినబడును. అనగా వేయవ వంతు శక్తి. ఆ మిగిలిన దానిని గూడ చుట్టునున్న జనుల కేకలు, నవ్వులు, సంభాషణలు మ్రింగివేయును.

1965 ఆగస్టు 15వ తేదీన న్యూయార్కు నగరమున షే స్టేడియమునందు బీటిల్స్ బృందము పాడినప్పుడు సరిగా నిట్లే జరిగినది. ఏబదియైదు వేలకు పైబడిన జనము. వాద్యములకై ప్రత్యేకముగా 100 వాట్ల వాక్స్ యాంప్లిఫయరులు తెచ్చిరి. నాటికి అది గొప్పయే. గాత్రమునకు మాత్రము బేస్‌బాల్ ఆటలో క్రీడాకారుల పేర్లు ప్రకటించుటకు ఆ ప్రాంగణమునం దమర్చిన స్పీకరులే దిక్కైనవి. అభిమానుల కేకలలో పాట మునిగిపోయినది. వేదికమీద గాయకుల వైపునకు త్రిప్పిన స్పీకరులు లేని ఆ దినములలో, వారికి తమ గొంతు తమకే వినరాకుండెను. డ్రమ్ములు వాయించు రింగో స్టార్ తోడివారి శరీరముల కదలికనుబట్టి తాళము పట్టుకొనవలసివచ్చెడిది. మరుసటి యేడు ఆగస్టు 29న శాన్‌ఫ్రాన్సిస్కోలోని క్యాండిల్‌స్టిక్ పార్కు కచేరితో ఆ బృందము ఊరూర తిరిగి పాడుటయే మానుకొన్నది. కారణములు పెక్కు కలవు గాని, పాడినది వినబడని దుఃస్థితి వానిలో ముఖ్యమైనదని నేను తలంతును. లోకమున కంతటికిని ప్రియమైన గానము యంత్రబలము చాలక మూగవోవుట చరిత్రలో విచారింపదగిన విషయము.

పాడిపొలములోని మంచెలు

నాలుగేండ్లు గడచినవి. 1969 ఆగస్టు 15వ తేదీ శుక్రవారమునుండి సోమవారము ఉదయమువరకు, న్యూయార్కు రాష్ట్రమున బెతెల్ అను గ్రామసీమలో, మాక్స్ యాస్గర్ అను పాడిరైతు పొలమున వుడ్‌స్టాక్ ఉత్సవము జరిగినది. కూడినవారు నాలుగు లక్షలకు పైబడిరని చెప్పుదురు. వాన, బురద, ఆహారపు కొరత, త్రోవ పొడవునను నిలిచిపోయిన మోటారులు—ఇవన్నియు ప్రసిద్ధములే. ఆ జనసముద్రమునకు పాట ఎట్లు వినిపించినదను విషయము మాత్రము అంతగా చర్చకు రాలేదు.

ఆ భారమును వహించినవాడు బిల్ హాన్లీ. అతనికి ప్రకృతి ఒక మేలు చేసినది. ఆ పొలము ఏటవాలుగా దిగివచ్చి అడుగున చదునైన చోటు. వేదిక అడుగున, జనులు వాలుపైన. ఈ యమరిక వలన లాభమేమనగా, ధ్వని ముందువారి తలలమీదుగా వెనుకవారిని చేరగలదు. చదునునేలమీద నిలిచిన జనసమూహము ధ్వనిని, అందును ముఖ్యముగా మాటలలోని స, శ, త, క వంటి హల్లులను స్పష్టముచేయు హెచ్చుస్థాయి స్వరములను, పీల్చివేయును. మనుష్యుల దేహములును, వస్త్రములును మెత్తని గోడల పని చేయును. అందుచే నేలకు దగ్గరగా నుంచిన స్పీకరు ఎంత బలమైనదైనను పది పండ్రెండు వరుసలు దాటునప్పటికి మాట ముద్దయైపోవును. హాన్లీ తన స్పీకరులను సుమారు 70 అడుగుల ఎత్తైన ఇనుపగొట్టముల మంచెలమీదికెక్కించి, క్రిందివానిని చేరువవారి వైపునకును, పైవానిని దూరపువారి వైపునకును త్రిప్పియుంచెను. రెండు లక్షలకు మించరని తలచి చేసిన ఏర్పాటు, అందుకు రెట్టింపు జనులను ఆదుకొన్నది. ఆ మూడు దినముల గానము నేడు పుటలకొలది స్తుతులందుకొనుచున్నది; అందు హాన్లీ పేరు గాయకుల పేర్ల ప్రక్కనే యుండవలసినదని నా అభిప్రాయము.

సోమవారము ఉదయమున, జనులలో పెక్కుమంది వెడలిపోయిన పిదప, జిమీ హెండ్రిక్స్ గిటారు వాయించినాడు. అతని వాద్యమునుగూర్చి యిచ్చట కొంత చెప్పవలసియున్నది. ఏలయన విద్యుత్ గిటారు లేనిదే రాక్ సంగీతము లేదు. వీణకు కుండ వలె, మామూలు గిటారునకు డొల్లయైన దేహము తంతినాదమును పెంచును. విద్యుత్ గిటారునకు ఆ డొల్ల అక్కరలేదు. దాని తంతులు ఉక్కువి. తంతుల క్రింద అయస్కాంతమును, దానిచుట్టు సన్నని రాగితీగె చుట్టయు నుండును. తంతి కదలినప్పుడు అయస్కాంతక్షేత్రము కదలును; ఆ కదలిక రాగితీగెలో స్వల్పమైన విద్యుత్తును పుట్టించును. 1831లో మైకేల్ ఫారడే కనుగొన్న సూత్రమే యిది. ఆ విద్యుత్తును యాంప్లిఫయరు పెంచి స్పీకరునకందించగా నాద మగును. కనుక ఈ వాద్యమున స్వరము పుట్టుట తంతియం దైనను, ధ్వని పుట్టుట స్పీకరునందే.

ఇందుండి యొక చిక్కు పుట్టినది. పెండ్లిపందిళ్ళలో మైకు స్పీకరునకు దగ్గరైనప్పుడు కూయని చెవులు చీల్చు కూత వినుచుందుము గదా. స్పీకరు పలికినది మైకు విని, మరల స్పీకరునకే పంపగా, అది హెచ్చించి పలికినది మరల మైకే విని, ఇట్లు క్షణకాలమున చక్రము బిగిసి పుట్టు కూత అది. దీనిని వివరించిన డేనిష్ శాస్త్రజ్ఞుడు సోరెన్ లార్సెన్ పేర లార్సెన్ ఫలితమనియు, వాడుకలో ఫీడ్‌బాక్ అనియు చెప్పుదురు. మనము మరలుకూత యందము. గిటారుతంతి కూడ స్పీకరు మ్రోతకు కదలి ఇట్లే మరలుకూత పెట్టును. అందరును దోషమనుకొన్న ఈ కూతను హెండ్రిక్స్ తాను నిలుచు చోటును, స్పీకరుతో వాద్యమునకు గల కోణమును మార్చుచు స్వరమువలె మలచుకొని, గానమున నొక అలంకారముగా నిలిపినాడు. నిపుణులకు మాత్రము గాత్రపు మైకునం దిది శత్రువే. స్పీకరు బలము పెంచిన కొలది మరలుకూత భయము పెరుగును. బలమునకు హద్దు కట్టిన కారణములలో నిది యొకటి.

గోడగా నిలిచిన స్పీకరులు

దూరమున ధ్వని సన్నగిల్లుట, మరలుకూత అను ఈ రెండు చిక్కులను ఒక్కసారిగా జయింపదలచినది కాలిఫోర్నియాకు చెందిన గ్రేట్‌ఫుల్ డెడ్ బృందము. 1974 మార్చి 23న శాన్‌ఫ్రాన్సిస్కో చెంత డేలీ సిటీలోని కౌ ప్యాలెస్ నందు వారు తమ ధ్వనికుడ్యమును, వాల్ ఆఫ్ సౌండ్ అను పేర, తొలిసారి పూర్తి రూపమున నిలిపిరి. అవ్‌స్లీ స్టాన్లీ అను నిపుణుని తలపులో పుట్టిన ఈ కట్టడమున సుమారు 600 స్పీకరులు. మొత్తము శక్తి 26,400 వాట్లు. బరువు 75 టన్నుల వరకు నుండెను. అది గాయకుల వెనుక నిలిచిన గోడ. గాయకులకును జనులకును ఒకే గోడ పాడి వినిపించును. ఒక్కొక్క వాద్యమునకు వేరువేరు స్పీకరులు. బేస్ గిటారు నాలుగు తంతులలో ఒక్కొక్కదానికి సయితము వేరుదారి. స్పీకరులు వెనుకనుండి మైకులోనికే పలుకుచుండగా మరలుకూత పుట్టదా యని మీ రడుగవచ్చును. గాయకుని యెదుట జంటమైకులు కొలది అంగుళముల ఎడముతో నమర్చి, ఒకదానినుండి వెడలు విద్యుత్తును మరియొకదానికి వ్యతిరేకముగా త్రిప్పి కలిపిరి. వెనుక గోడనుండి వచ్చు ధ్వని రెండింటిని సమానముగా తాకును. కావున ఒండొంటిని రద్దుచేసికొనును. గాయకుడు ఒక మైకునకు పెదవులానించి పాడును. అతని గొంతు మాత్రమే మిగులును. ఇంత సరళమైన తీసివేతతో అంత పెద్ద గోడ నోరు మూయించుట నాకు ఎప్పుడు తలచుకొన్నను ఆనందము గొలుపును.

ఆ గోడను నిలుపుటకు, దింపుటకు, మోయుటకు అయిన వ్యయప్రయాసలను బృందము భరింపలేకపోయెను. ఆ యేడు అక్టోబరునాటికి యాత్రలు ఆగిపోయినవి, గోడ విప్పివేయబడినది. కాని అందు నిలువుగా నొకదానిపై నొకటి పేర్చిన స్పీకరుల స్తంభములు ఒక పాఠమును చెప్పిపోయినవి.

ఒక్క స్పీకరునుండి ధ్వని గోళమువలె పరచుకొనునని చెప్పితిమి. పది స్పీకరులను నిలువుబారున, ఎడములేకుండ పేర్చినచో, సూటిగా ఎదుటనున్నవానికి పదింటి అలలు కలసికట్టుగా చేరి బలపడును. మీదికిని క్రిందికిని వెళ్ళిన అలలు మాత్రము ఒండొంటితో అడుగు తప్పి, ఒకదాని మిట్ట మరియొకదాని పల్లమును కూడుటచే అణగిపోవును. కావున ధ్వని ఆకాశమునకు వృథాగా పోక, నేలకు సమాంతరముగా పలకవలె సాగును. చెరువునీటికి ఇరువైపుల గట్లు వేసినట్లైనది! ఇట్టి పేర్పును నిపుణులు లైన్ ఎరే యందురు. బారుపేర్పు అనుట మనకు సుకరము. దూరము రెండింతలైనప్పుడు ధ్వని 6 డెసిబెళ్ళకు బదులు 3 మాత్రమే తగ్గుట దీని సుగుణము. ముందు చెప్పిన లెక్కలో, ఈ గుణము 320 మీటర్లదాక నిలిచెనేని, ముందువానికిని వెనుకవానికిని భేదము వేయిరెట్లు కాక ముప్పదిరెండు రెట్లు మాత్రమే యుండును. నిజమునకు కొంతదూరము దాటిన పిమ్మట ఈ సుగుణము సన్నగిల్లును. పేర్పు పొడవు పెరిగిన కొలది, స్వరము హెచ్చిన కొలది, ఆ హద్దు దూరముగా జరుగును.

అమెరికా శాస్త్రజ్ఞుడు హ్యారీ ఓల్సన్ ఈ సూత్రమును 1950లలోనే గ్రంథస్థము చేసియుండెను. అయినను ఆచరణలో నొక ఆటంకము నిలిచిపోయెను. మంద్రస్వరపు అల పొడవు మూడు నాలుగు మీటర్లుండవచ్చును; తారస్థాయి స్వరముల అల కొన్ని సెంటీమీటర్లే. పెట్టెల నడుమ ఎడము అలపొడవులో సగమునకు మించినచో అలలు కలసి నడువవు; పెట్టెలనేమో సెంటీమీటరుకంటె దగ్గరకు చేర్చుట అసాధ్యము. ఫ్రాన్సుదేశీయుడైన క్రిస్టియన్ హైల్ 1990ల తొలినాళ్ళలో, హెచ్చుస్వరములు పెట్టెలోపలి వంపుదారులలో సమానదూరము నడచి, సన్నని నిలువుచీలిక పొడవునను ఒకే క్షణమున వెలువడునట్లు చేసి, ఈ ఆటంకమును తొలగించెను. నేడు పెద్ద వేదికల కిరుప్రక్కల అరటిగెలవలె వంగి వ్రేలాడు స్పీకరుల బారులు ఆ యాలోచన సంతతియే. పైన నున్న నిటారుభాగము దూరపువారికి, అడుగున వంగిన భాగము దగ్గరివారికి వినిపించును. పైభాగమున పెక్కు పెట్టెలు ఒకే దిక్కునకు చూచుటయు, క్రిందిభాగమున నవి వీడివడి చూచుటయు గమనించినవారికి, ఎవరికెంత యనెడి పంపకము కంటికే కనబడును.

జాగు చేసి చెప్పిన మాట

గట్లు వేసిన కాలువకైనను ఒక హద్దు కలదు. ఆయకట్టు మిక్కిలి పెద్దదైనచో నడుమ మరియొక తావున నీరందింపవలెను. జనుల మధ్య అక్కడక్కడ స్తంభములు నిలిపి, వానిపై స్పీకరులుంచినచో చాలదా? చాలదు; ఇచ్చట కాలము అడ్డుపడును.

గాలిలో ధ్వని, 20 డిగ్రీల వేడిమి యున్నప్పుడు, సెకనునకు 343 మీటర్లు మాత్రమే నడచును. వేదికకు మూడువందల నలువది మీటర్ల దూరమున నిలిచినవాడు డ్రమ్ముమీద పుల్ల పడుటను చూచిన యొక సెకనునకు గాని మ్రోత వినడు. గాయకుడు చప్పట్లు చరచుమనగా వెనుకవారు చరచు చప్పట్లు ముందువారితో కలియకపోవుటకు కారణ మిదియే. వా రందరును తాము విన్న తాళమునకే నిక్కముగా చరచుచున్నారు, కాని ఆ తాళము వారిని చేరుటలో ఆలస్యమైనది, వారి చప్పట్లు వేదికకు తిరిగి చేరుటలో మరల నంత ఆలస్యమగుచున్నది. విద్యుత్తు మాత్రము తీగెలో కన్నుమూసి తెరచులోపున ఎంత దూరమునకైనను చేరిపోవును. కాబట్టి వేదికకు 60 మీటర్ల దూరమున నున్న స్తంభపు స్పీకరు, వేదికతోపాటే పలికినచో, దాని చెంతనున్నవాడు మొదట స్తంభపు పలుకును, ఆపై సెకనులో ఆరవ వంతునకు కొంచె మెక్కువగా గడచిన పిదప వేదిక పలుకును వినును. అంత యెడము చెవికి రెండు పలుకులుగా తోచును. పదములు ఒకదానిమీద నొకటి పడి, పాట అర్థము కాని రొదయగును. స్తంభము లెక్కువైన కొలది గందరగోళము పెరుగును.

ఉపాయము తర్కమునకు సులభమే: స్తంభమునకు పంపు విద్యుత్తును, గాలిలో ధ్వని నడచు కాలమునకు సరిపోవునంతగా జాగు చేయవలెను. చేయుట యెట్లు? పూర్వము టేపుమీద ముద్రించి, కొంతదూరమున నుంచిన మరియొక తలతో చదివింపవలసియుండెను. 1973 జులై 28న న్యూయార్కు రాష్ట్రములోని వాట్కిన్స్ గ్లెన్ మోటారుపందెముల మైదానమున ఆల్మన్ బ్రదర్స్, గ్రేట్‌ఫుల్ డెడ్, ది బ్యాండ్ బృందములు పాడిన ఉత్సవమునకు సుమారు ఆరు లక్షలమంది కూడినప్పుడు, అప్పుడే వెలువడిన ఈవెంటైడ్ సంస్థవారి అంకెలయంత్రమును నిపుణులు వాడిరి. అది ధ్వనిని అంకెలుగా మార్చి, నిలువబెట్టి, కోరినంతసేపటికి విడుదల చేయును. వేదికకు 200 అడుగుల దూరమున నున్న స్తంభములకు వారు విధించిన జాగు సెకనులో వేయింట 175 పాళ్ళు. జాగుయంత్రమను పేరు వినుటకు మందమైనదిగా తోచవచ్చును గాని, వుడ్‌స్టాక్ నాటికి లేని యొక సమానత్వమును అది ఆ మైదానమున నెలకొల్పినది.

ఇందు మరియొక సొగసు కలదు. 1949లో జర్మనీలో గాటింగెన్ విశ్వవిద్యాలయమున హెల్ముట్ హాస్ తన పరిశోధన గ్రంథమున వెల్లడించిన విషయ మేమనగా, ఒకే ధ్వని రెండు దిక్కులనుండి సెకనులో వేయింట ముప్పది పాళ్ళ లోపు ఎడముతో వచ్చినచో, చెవి దానిని రెండుగా వినదు; ముందు వచ్చినది ఏ దిక్కునుండి వచ్చెనో ఆ దిక్కుననే మొత్తము ధ్వని పుట్టినట్లు భావించును. వెనుక వచ్చినది కొంత బలమైనదైనను ఈ భావము చెడదు. కావున నిపుణులు స్తంభమునకు లెక్కప్రకారము చాలిన జాగుకంటె మరి పది పదునైదు పాళ్ళు ఎక్కువగా జాగు చేయుదురు. వేదికనుండి నీరసముగా వచ్చిన ధ్వని ముందు చేరి దిక్కును చెప్పును. స్తంభపు ధ్వని వెంటనే వచ్చి బలము నిచ్చును. శ్రోతకు తన ప్రక్కనున్న స్తంభము పలుకుచున్నదను స్పృహయే యుండదు; పాట యంతయు దూరమున వెలుగుచున్న వేదికనుండియే వచ్చినట్లు తోచును.

వేడిమి ఒక డిగ్రీ పెరిగినచో ధ్వనివేగము సెకనునకు సుమారు 0.6 మీటరు పెరుగును. మధ్యాహ్నపు టెండలో 35 డిగ్రీల వేడిమికి సరిచేసిన జాగు, రాత్రికి 15 డిగ్రీలకు చల్లబడినప్పుడు, 150 మీటర్ల దూరపు స్తంభమునకు సెకనులో వేయింట సుమారు 15 పాళ్ళు తప్పును. హాస్ చెప్పిన సొగసును చెరచుటకు అది చాలును. అందుచే నిపుణుడు సాయంకాల మైన పిదప వాతావరణమును చూచుచు తన లెక్కలను మరల సరిదిద్దుకొనవలెను.

పొరుగూరికి చేరునది

గాలి మరియొక విధమునను ఆటాడును. పగటియెండకు నేల కాగి, నేలమీది గాలి వేడియై, పైగాలి చల్లగా నుండును. వేడిగాలిలో ధ్వని వడిగా నడచుటచే, అల పైకి వంగి, దూరపువారి తలలపై దాటిపోవును. రాత్రి నేల చల్లబడి ఈ క్రమము తారుమారైనప్పుడు అల క్రిందికి వంగి, మైళ్ళకొలది దూరమునకు పోవును. గాలివాలునకు పోవు ధ్వనియు ఇట్లే క్రిందికి వంగును. ఎదురుగాలిలో పైకి లేచును. హెచ్చుస్వరములను గాలియే పీల్చివేయును గనుక పొరుగూరికి చేరునది పాట కాదు, మంద్రస్వరపు దబదబలే. ఆ దబదబలు గోడలను దాటి పసిపిల్లల నిద్రకు, రోగుల విశ్రాంతికి భంగము కలిగించును. దీనిని తగ్గించుటకు మంద్రస్పీకరులలో కొన్నిటిని వెనుకకు త్రిప్పి, వ్యతిరేకముగా, తగిన జాగుతో పలికించుట ద్వారా వేదిక వెనుకకు పోవు ధ్వనిని రద్దుచేయుచున్నారు.

మన దేశమున ఇట్టి ఉత్సవములు నేడు కొత్తవి కావు. బెంగుళూరు ప్యాలెస్ మైదానమున 2007 మార్చి 17న ఐరన్ మెయిడెన్ బృందము పాడినది. పూణెలో 2010నుండి ఎన్‌హెచ్7 వీకెండర్ అను ఉత్సవము జరుగసాగినది. 2000వ సంవత్సరపు ధ్వనికాలుష్య నియమములననుసరించి, హైదరాబాదున నేమి, విశాఖపట్టణమున నేమి, ఆరుబయట రాత్రి 10 గంటలనుండి ఉదయము 6 గంటలవరకు లౌడ్‌స్పీకరు వాడరాదు. ఏటికి 15 దినములకు మించకుండ, అర్ధరాత్రివరకు సడలించు అధికారము రాష్ట్రప్రభుత్వమునకు కలదు. పాట నెంతగా ప్రేమించువాడనైనను, ఈ హద్దు న్యాయమైనదనియే నా నిశ్చయము. కోరి వచ్చినవానికి వినిపించుటకు ఇంత విద్య యుండగా, కోరనివానికి వినిపింపకుండుటకు గూడ ఆ విద్యనే వినియోగింపవలెను.

మొదటి వరుసవాని చెవి

చివరివానిని గూర్చి ఇంత చెప్పి మొదటివానిని మరువరాదు. 1976 మే 31న లండనులోని చార్ల్‌టన్ ఫుట్‌బాల్ మైదానమున ది హూ బృందము పాడినప్పుడు స్పీకరులకు 50 మీటర్ల దూరమున 120 డెసిబెళ్ళు నమోదైనవి. గిన్నిస్ గ్రంథమువారు దానిని అత్యధికధ్వని గల కచేరిగా కొంతకాలము పేర్కొని, జనుల వినికిడికి చేటు కలుగునను భయముచే తరువాత ఆ పోటీనే ఎత్తివేసిరి. ఆ బృందపు గిటారువాద్యకారుడు పీట్ టౌన్‌షెండ్ తన వినికిడి లోపమును, చెవులలోని హోరును గూర్చి బహిరంగముగా చెప్పి ఇతరులను హెచ్చరించినాడు.

చెవిలోపల శంఖమువలె చుట్టుకొన్న నాళము కలదు. దానిని కాక్లియా యందురు. అందలి ద్రవము అలలాడినప్పుడు, ఒక్కొక్క చెవిలో సుమారు 15,000 రోమకణములు కదలి, ఆ కదలికను నాడికి విద్యుత్సంకేతముగా అందిచ్చును. మితిమీరిన ధ్వని వీనిని అలయజేయును. కచేరి ముగిసిన రాత్రి చెవులు దిబ్బడ వేసినట్లుండుటయు, హోరు వినబడుటయు ఆ అలసటయొక్క చిహ్నములే. తెల్లవారునప్పటికి సాధారణముగా తేరుకొనుటచే జనులు దానిని లెక్కచేయరు. కాని మరల మరల అలసిన కణములలో కొన్ని చచ్చును. పక్షులలో అవి తిరిగి మొలకెత్తును, మనుష్యులలో మొలకెత్తవు. మొదట పోవునవి హెచ్చుస్వరములను వినునవి. అందుచే ముదిమిలో, మాట వినబడును గాని ఏమన్నారో తెలియదు.

హాని ధ్వని తీవ్రతమీదనే కాక, వినిన కాలముమీదను ఆధారపడును. అమెరికాలోని వృత్తి ఆరోగ్యసంస్థవారి లెక్కప్రకారము 85 డెసిబెళ్ళను దినమునకు 8 గంటలు వినవచ్చును. అటుపై 3 డెసిబెళ్ళు పెరిగిన కొలది కాలము సగమగును. 88 అయినచో 4 గంటలు, 91 అయినచో 2 గంటలు, 94 అయినచో గంట, 97 అయినచో అరగంట, 100 అయినచో పావుగంట. రాక్ కచేరులలో 100 డెసిబెళ్ళు సామాన్యము, 110 అరుదు కాదు. కచేరి రెండు మూడు గంటలు సాగును. 2022లో ప్రపంచ ఆరోగ్యసంస్థ సంగీతస్థలములకు సూచించిన ప్రమాణములో, పావుగంట సగటు 100 డెసిబెళ్ళను మించరాదనియు, ధ్వనిని ఎప్పటికప్పుడు కొలిచి చూడవలెననియు, చెవులకు రక్షణసాధనము లందుబాటులో నుంచవలెననియు, విశ్రాంతికి నిశ్శబ్దస్థలము నేర్పరుపవలెననియు చెప్పినది.

చివరివానికై చేసిన కృషి మొదటివానికి రక్షణ యగుట ఇచ్చట స్పష్టమగును. బారుపేర్పులును, జాగుస్తంభములును లేని దినములలో వెనుకవానికి 85 డెసిబెళ్ళు చేర్చవలెనన్న ముందువానికి 115 పోయవలసియుండెను. నేడు ఆ భేదమును కొలది డెసిబెళ్ళకు తెచ్చుట నిపుణులకు సాధ్యము. ఇక మిగిలినది శ్రోత చేయవలసిన పని. నురుగుతో చేసిన చవుక చెవిబిరడాలు హెచ్చుస్వరములనే ఎక్కువగా అడ్డగించుటచే పాట మందగించి వినబడును, అందుకే జనులు వానిని తీసి జేబులో వేసికొందురు. సంగీతజ్ఞులకై చేసిన వడపోత బిరడాలు అన్ని స్వరములను ఇంచుమించు సమముగా తగ్గించును. పాట అదే పాట, మ్రోత మాత్రము తగ్గును. 15 డెసిబెళ్ళు తగ్గించు బిరడా ధరించినవానికి 100 డెసిబెళ్ళ కచేరి 85గా చేరును; పావుగంటకు ముగియవలసిన మితి, సరిగా అమర్చుకొన్నచో, ఎనిమిది గంటలదాక సాగును.